బ్రేకు వ్యాన్‌లో వచ్చిన పాటలు

మొన్న మా మనవరాలు గోళ్ల రంగు తుడుచుకుంటానని చిన్న సీసా మూత తీసింది. ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలిందో లేదో, కాజీపేటలో రైల్వే వాళ్ల క్లబ్బు అయిన రైల్వే ఇన్‌స్టిట్యూట్ మైదానం మొత్తం కళ్ల ముందుకొచ్చి నిలబడింది. సినిమా మధ్యలో ఫిల్ము తెగితే, ఆపరేటరు అతికించేటప్పుడు అచ్చం ఇదే వాసన వచ్చేది. ఆయన దగ్గర ఒక గోధుమరంగు సీసా ఉండేది, దాని మూతకే కుంచె. తెగిన కొసను బ్లేడుతో మెల్లగా గీకి, ఆ మందు ఒక్క చుక్క రాసి, రెండో కొసను దాని మీద కూర్చి బొటనవేలితో అదిమి పట్టుకునేవాడు. పెదవులు కదులుతుండేవి. లోపల అంకెలు లెక్కపెట్టుకునేవాడేమో. అంతసేపూ తెర మీద ఉత్త తెల్లటి వెలుతురు. పిల్లలం లేచి నిలబడి ఆ వెలుతురులో వేళ్లతో కుక్కలను, కొంగలను ఆడించేవాళ్లం. "ఏయ్, కూసోండ్రి!" అని వెనక నుంచి పెద్దవాళ్ల కేకలు.

ఆ మైదానంలో భక్తి సినిమాలు చూశాం, కన్నీటి సినిమాలు చూశాం, కత్తియుద్ధాలు చూశాం. అయినా ఆ వాసనతో పాటు వరసపెట్టి గుర్తొచ్చినవి మాత్రం వేరే. పాటలు పాడేవాళ్లే హీరోలుగా వేసిన తేలికపాటి హాస్య సినిమాలు. హిందీలో కిశోర్ కుమార్‌వి, ఇంగ్లండ్ గాయకుడు క్లిఫ్ రిచర్డ్‌వి, అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీవి. కథ చెప్పమంటే నాలుగు ముక్కల్లో అయిపోయేవి. గొప్ప సినిమాల గురించి మాట్లాడేవాళ్లు వీటి ఊసు పెద్దగా ఎత్తరు. మా కాలనీ మాత్రం వాటిని ప్రాణంగా ప్రేమించింది. ఎందుకో ఇన్నేళ్లకు నాకు కొంత అర్థమైంది, అది రాసుకోవాలనిపించింది.

* * *

మా నాయిన గూడ్సు గార్డు, బండి చివర ఉండే బ్రేకు వ్యాన్‌లో ఆయన చోటు. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం దిక్కు నుంచి వచ్చే సింగరేణి బొగ్గు బండ్ల మీద డ్యూటీ. ఇంటికొచ్చేసరికి ఆయన కనురెప్పల మీద కూడా బొగ్గు నుసి ఉండేది. అమ్మ పెరట్లో వేడినీళ్లు తోడి పెట్టేది. మొదటి నాలుగు చెంబుల నీళ్లు నల్లగానే పారేవి. డ్యూటీకి పోయేటప్పుడు ఆయన వెంట లైన్ బాక్సు పోయేది. నల్లరంగు ఇనుప పెట్టె, మూత మీద తెల్ల అక్షరాలతో పేరు. లోపల ఎర్రజెండా, పచ్చజెండా, చేతి దీపం, ప్రమాదం ఉంటే పట్టాల మీద పెట్టే పటాకుల డబ్బా, రూల్సు పుస్తకం, ఒక జత బట్టలు, అన్నం టిఫిను, మామిడికాయ తొక్కు సీసా. ఆ పెట్టె ఇంట్లో ఉంటే నాయిన ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మా అన్నకూ నాకూ బడి నుంచి రాగానే మొదట చూసేది అదే.

రైల్వే కాలనీలో పెరిగినవాళ్లకు కాల్‌బాయ్ అంటే చెప్పనక్కర్లేదు. తక్కినవాళ్ల కోసం చెబుతాను. ఇళ్లల్లో ఫోన్లు లేని రోజులు. గూడ్సు బండికి టైం టేబుల్ ఉండదు. ఏ బండి ఎప్పుడు కదులుతుందో స్టేషన్‌లో ఖాయం కాగానే, చేతిలో లాంతరు, చంకలో కాల్ బుక్కు పట్టుకుని ఒక మనిషి సైకిల్ మీద క్వార్టర్లకు వచ్చేవాడు. గేటు గొళ్లెం టకటకలాడించి, "గార్డు సాబ్, రెండింటికి బండి" అని పిలిచేవాడు. నాయిన లేచి, లాంతరు వెలుతురులో బుక్కులో సంతకం చేసి, మొహం కడుక్కుని పోయేవాడు. దీపావళి రాత్రీ అంతే, అక్క పెళ్లి మరునాడూ అంతే. మా కాలనీలో ఏ మగమనిషి సమయమూ ఆయన సొంతం కాదు.

సినిమా డబ్బాలు కూడా బ్రేకు వ్యాన్‌లోనే వచ్చేవి. వరంగల్, హనుమకొండ టాకీసులకు పోయే పెట్టెలు పెద్దవి, ఇద్దరు హమాలీలు పట్టుకుంటే గాని కదలవు. ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేది సన్న ఫిల్ము, పదహారు ఎంఎం ప్రింటు కాబట్టి నలుచదరంగా, చిన్నగా, బెల్టు బిగించి ఉండేది. సికింద్రాబాద్ నుంచి ప్యాసింజర్‌లో పార్సిల్‌గా దిగేది. పిల్లలం ప్లాట్‌ఫారం మీద కాచుకుని, పెట్టె మీద అతికించిన కాగితంలోని ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, సినిమా పేరు కాలనీ అంతా చాటడానికి పరుగెత్తేవాళ్లం. ప్యాసింజర్ లేటయితే సినిమా లేటు. అవుటర్ దగ్గర సిగ్నల్ కోసం ఆగిన బండి ఈల వినపడితే, మైదానంలో చాపలు పరిచి కూర్చున్న ఆడవాళ్లంతా "అగో, వచ్చింది" అనేవాళ్లు.

సినిమా నడుస్తుండగా కాల్‌బాయ్ మైదానానికే వచ్చేవాడు. ఎవరు ఎక్కడ కూర్చుంటారో అతనికి తెలుసు. చీకట్లో వంగి భుజం తట్టేవాడు. తట్టించుకున్న మనిషి గొణుక్కుంటూ లేచి, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయేవాడు. అన్యాయంగా జైలుకు పోయిన తమ్ముడి కథో, తల్లీ కొడుకులు విడిపోయిన కథో నడుస్తుంటే ఆ మనిషికి ఎంత బాధో చెప్పలేను. మా నాయినకు ఒకసారి అట్లాగే అయింది. సగం సినిమాలో లేచిపోయి, బల్లార్షా దాకా ఆ తల్లికి కొడుకు దొరికాడో లేదో అనుకుంటూ పోయాడట. తిరిగి రాగానే బాక్సు కింద పెట్టకముందే, "ఏమైంది బిడ్డా, దొరికిండా?" అని అడిగాడు.

కిశోర్ కుమార్ సినిమాకు ఆ బెంగ లేదు. ఎప్పుడొచ్చి కూర్చున్నా అందుతుంది, ఎప్పుడు లేచిపోయినా ఏమీ పోదు. అందరికీ చివరికి మంచే జరుగుతుందని మొదటి రీలులోనే తెలిసిపోతుంది. మధ్యలో చూసిన పాట మాత్రం బండెక్కుతుంది. డ్యూటీకి పోతూ మా నాయిన సన్నగా ఈల వేసుకుంటూ చీకట్లో కలిసిపోవడం నాకు బాగా గుర్తు. కథ బలం లేదని ఈ సినిమాలను తక్కువ చేసి మాట్లాడేవాళ్లు మూడు గంటలు కదలకుండా కూర్చునే వీలున్నవాళ్లు అయి ఉంటారు. ఎప్పుడు పిలుపొస్తుందో తెలియని మనిషికి ఎట్లాంటి సినిమా కావాలో మా మైదానానికి తెలుసు.

* * *

పక్క క్వార్టర్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. అంకుల్ మెయిల్ బండ్ల డ్రైవర్. ఆంటీ గౌను వేసుకుని, మా అమ్మతో గోడ మీది నుంచి తెలుగు, హిందీ, ఇంగ్లీషు కలగలిపి మాట్లాడేది. క్రిస్మస్‌కు కేకూ, కల్‌కల్స్ అనే తీపి గవ్వలూ పంపేది. మా ఇంటి నుంచి సకినాలు, సర్వపిండి పోయేవి. ఫాతిమా నగర్ చర్చి నుంచి ఆదివారం వాళ్లు రాగానే రికార్డ్ ప్లేయర్ మోగేది. ముల్లు రికార్డు మీద ఆనేటప్పటి ఆ గరగర, తర్వాత గిటార్. మా ఇంట్లో రేడియో సిలోన్, వాళ్లింట్లో క్లిఫ్ రిచర్డ్.

"క్లిఫ్ మనోడే" అనేది ఆంటీ. మేం నమ్మేవాళ్లం కాదు. నిజమే మరి. ఆయన 1940లో లక్నోలో పుట్టాడు, అసలు పేరు హ్యారీ వెబ్. తండ్రి మన రైళ్లలో భోజనాలు సరఫరా చేసే కాంట్రాక్టు కంపెనీలో పనిచేసేవాడు. 1948లో కుటుంబం ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్లిపోయింది. ఈ సంగతి తెలిశాక మా కాలనీలో క్లిఫ్‌కు హోదా పెరిగింది. రైల్వే మనిషి కొడుకు అక్కడికి పోయి హీరో అయ్యాడని క్యాంటీన్‌లో వడ్డించేవాళ్లు కూడా చెప్పుకునేవాళ్లు.

'సమ్మర్ హాలిడే' వచ్చిన రోజు మైదానంలో చోటు దొరకలేదు. 1963 నాటి సినిమా, మా దాకా వచ్చేసరికి పాతబడింది, రంగు కాస్త వెలిసింది కూడా. లండన్ బస్సుల వర్క్‌షాపులో పనిచేసే నలుగురు మెకానిక్ కుర్రాళ్లు ఒక డబుల్ డెక్కర్‌ను నడిచే హోటల్‌గా మార్చి, పాటలు పాడుకుంటూ యూరప్ దాటి ఏథెన్స్ దాకా తోలుకుపోతారు. అంతే కథ. ఇంగ్లీషు రానివాళ్లకు కూడా ఒక్క మాట అర్థం కాకుండా పోలేదు. మా లోకో షెడ్ ఫిట్టర్లు ఆ సినిమాను సొంతం చేసుకున్నారు. పనిబట్టలు, చేతులకు గ్రీజు, అయినా హీరోలు! ఆ బట్టల్లో ఉన్న మనిషి మన సినిమాల్లో అయితే అన్యాయానికి బలయ్యేవాడు, లేదా సమ్మె చేసేవాడు. ఇక్కడ సెలవు పెట్టి ఊరేగుతున్నాడు. మా పెదనాన్న కొడుకు షెడ్‌లో అప్రెంటిస్. "మనం కూడా ఒక బోగీ అడిగి తీసుకుని కన్యాకుమారి పోదామా?" అని నిజంగానే అడిగాడు. ఆ ముచ్చట నెలల తరబడి నడిచింది. ఎవరెవరు వంట చేయాలి, ఏ స్టేషన్లో నీళ్లు పట్టాలి, అన్నీ ఖాయమయ్యాయి, బోగీ తప్ప.

ఆ సినిమా తీసిన పీటర్ యేట్స్‌కు అదే మొదటి చిత్రమనీ, తర్వాత అమెరికా పోయి కార్ల ఛేజింగుతో పేరుపడ్డ 'బుల్లిట్' తీసింది ఆయనేననీ చాలా ఏళ్లకు తెలిసింది. బండి నడిపించడం ఆయనకు మొదటి నుంచీ ఇష్టమే అన్నమాట.

* * *

కిశోర్ కుమార్ సంగతికి వస్తే, మా కాలనీకి 'హాఫ్ టికెట్' అంటే పండగ. 1962 నాటి నలుపు తెలుపు సినిమా. బొంబాయి పోవడానికి ఫుల్ టికెట్‌కు డబ్బుల్లేక, హీరో చిన్నపిల్లాడి వేషం వేసుకుని సగం టికెట్ మీద రైలెక్కుతాడు. టిక్కెట్ కలెక్టర్లు, స్టేషన్ మాస్టర్లు, గార్డులు నిండిన మైదానంలో ఈ సినిమా వేస్తే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. అంత మనిషి నిక్కరు వేసుకుని మారాం చేస్తుంటే, మా వీధి చివరి టీసీ అంకుల్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఇంతకంటే పెద్దోళ్లను చూసిన నేను, మీసాలున్నోళ్లను!" అన్నాడు. ఆ తర్వాత కాలనీలో వయసుకు మించి పొడుగు పెరిగిన ప్రతి పిల్లాడి పేరూ హాఫ్ టికెటే.

అందులో ఒక పాట ఉంది, మగ గొంతూ ఆడ గొంతూ రెండూ కిశోర్‌వే. సలిల్ చౌదరి సంగీతం. ఆడ గొంతుకు లతా మంగేష్కర్ పాడాల్సింది, ఆమె అందుబాటులో లేకపోతే రెండూ తనే పాడతానన్నాడట. తెర మీద ఆడవేషంలో కిశోర్, ఎదురుగా ప్రాణ్. గొంతు ఎక్కడ మారుతుందో పట్టుకోవాలని అన్నయ్య, నేను పందెం వేసుకునేవాళ్లం. ఇప్పటికీ పట్టుకోలేం. ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా వినపడదు.

'చల్తీ కా నామ్ గాడీ' ఇంకా పాతది, 1958. ముగ్గురు అన్నదమ్ములు గ్యారేజీ నడుపుతారు. నిజజీవితంలోనూ అన్నదమ్ములే, అశోక్ కుమార్, అనూప్ కుమార్, కిశోర్ కుమార్. వానలో తడిసిన మధుబాల కారు పాడై రాత్రిపూట గ్యారేజీకి వస్తుంది. కారు బాగుచేస్తూ, పనిముట్లు టకటకలాడిస్తూ కిశోర్ పాడతాడు. ఆ సీను నేను ఎన్నిసార్లు చూశానో. అతని చేతులు చూడండి. పాట పాడే హీరో చేతులు మామూలుగా గాల్లో తేలుతుంటాయి. ఇక్కడ పని చేస్తుంటాయి. ఆమె మొహంలో మొదట విసుగు, తర్వాత అనుమానం, తర్వాత ఆపుకోలేని నవ్వు. ఒక్క పాటలో ఇద్దరి మధ్య సంగతంతా నడిచిపోతుంది, ఒక్క ప్రేమమాట లేకుండా. సంగీతం ఎస్.డి. బర్మన్.

ఆ పాట నడకలో 'సిక్స్‌టీన్ టన్స్' అనే అమెరికన్ పాట ఛాయ ఉందంటారు. పక్కింటి ఆంటీ దగ్గర ఆ రికార్డు ఉండేది, 1955లో టెన్నెసీ ఎర్నీ ఫోర్డ్ పాడి ప్రపంచమంతా మోగించిన పాట. దానిని మెర్ల్ ట్రావిస్ రాసింది బొగ్గు గని కార్మికుడి గురించి. పొద్దంతా బొగ్గు తవ్వినా కంపెనీ కొట్టులో బాకీ తీరదని. మా నాయిన బండి నిండా తెచ్చే బొగ్గు గురించి ఒక పాట ఉందని, దాని అడుగుల చప్పుడు కిశోర్ కొంటెపాటలో వినపడుతోందని తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. నాయినకు చెబితే ఆ రికార్డు వినిపించమన్నాడు. ఆంటీ ఇంట్లో కుర్చీ అంచున కూర్చుని విన్నాడు. మాటలు అర్థం కాలేదు. "బరువు మోసెటోని నడక ఉన్నది ఇందుల" అన్నాడు.

* * *

ఎల్విస్‌ను మాకు చూపించింది సముద్రంతో పాటు. మాకు తెలిసిన నీళ్లు వడ్డేపల్లి చెరువు, భద్రకాళి చెరువు. వానాకాలం చెరువు అలుగు పోస్తే అదే పెద్ద వింత. 'బ్లూ హవాయి'లో అంత నీలం ఒక్కసారిగా తెర మీద పరుచుకునేసరికి చాపల మీది ఆడవాళ్లు "అబ్బ!" అన్నారు. మా అమ్మ సముద్రం చూడటం అదే మొదలు. ఆ తర్వాత చాలా ఏళ్లకు విశాఖపట్నం తీసుకెళ్తే, "ఎల్విస్ సినిమాల ఇంకా నీలముండె" అంది.

ఎల్విస్ 1956 నుంచి 1969 దాకా 31 కథాచిత్రాల్లో నటించాడు. ఏడాదికి రెండు మూడు వచ్చేవి. ఎక్కడో ఒక అందమైన ఊరు, ఒక ఉద్యోగం, ఇద్దరు అమ్మాయిలు, ఒక చిన్న కొట్లాట, నిండా పాటలు. సినిమా పాటల రికార్డును అమ్ముతుంది, రికార్డు సినిమాను అమ్ముతుంది. 1961 నాటి 'బ్లూ హవాయి' పాటల రికార్డు అమెరికా అమ్మకాల పట్టికలో 20 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఈ మూస ఎల్విస్‌కే విసుగు తెప్పించింది, బరువైన పాత్రలు కావాలని కోరుకున్నాడు. ఆయన బాధ నిజమే, కాదనను. కాని ఇంకో వైపు నుంచి చూడండి. ఎల్విస్ అమెరికా, కెనడాలు దాటి ఎక్కడా కచేరీ చేయలేదు. 1961 తర్వాత చాలా ఏళ్లు అమెరికాలో కూడా వేదిక ఎక్కలేదు. ప్రపంచంలో తక్కిన చోట్ల ఎల్విస్ అంటే ఈ సినిమాలే. అవి లేకపోతే కాజీపేట మైదానానికి ఎల్విస్ వచ్చేవాడు కాదు. మా ఆంటీకి ఆయన నడక, నవ్వు, తల ఎగరేయడం తెలిసేవి కావు.

1977 ఆగస్టులో ఆయన పోయాడని తెలిసిన రోజు ఆంటీ వంట చేయలేదు. మా అమ్మ పప్పూ అన్నం పట్టుకెళ్లింది. అమ్మకు ఎల్విస్ పాట ఒక్కటీ నోటికి రాదు. అయినా గోడకు ఆనుకుని కూర్చుని ఆంటీతో పాటు ఏడ్చింది.

* * *

మా చిన్నాయన కొడుకు వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీ ఆర్‌ఈసీలో చదివేవాడు. ఇప్పుడు ఎన్‌ఐటీ అంటున్నారు. దేశంలోని అన్ని రాష్ట్రాల పిల్లలూ అక్కడ ఉండేవాళ్లు కాబట్టి ఇంగ్లీషు సినిమాలు వేసేవాళ్లు. ఒకసారి బీటిల్స్ అనే నలుగురు ఇంగ్లండ్ పాటగాళ్ల సినిమా ఉందని, నలుపు తెలుపే కాని రైలు ఉందని చెప్పి మమ్మల్ని తీసుకెళ్లాడు. రైలు అన్నాడనే నాయిన వచ్చాడు.

'ఎ హార్డ్ డేస్ నైట్', 1964. రిచర్డ్ లెస్టర్ ఏడు వారాల లోపే తీసేశాడు. నలుగురూ తమ పాత్రలు తామే వేస్తారు, అభిమానుల నుంచి తప్పించుకుని పరుగెత్తి రైలెక్కుతారు. సామాన్లు పెట్టే వ్యాన్‌లో కూర్చుని పేకాట ఆడుతూ, అట్లా అట్లా పాటలోకి జారిపోతారు. నాయిన ఆ సీనంతా ముందుకు వంగి చూశాడు. బయటికి రాగానే అడిగిన మొదటి ప్రశ్న: "అంతమంది వ్యాన్ల కూసుంటే గార్డు ఏం చేస్తున్నడు?" ఆయనకు ఆ వ్యాను తన ఇల్లు లాంటిది. అందులో పాట పాడుకోవచ్చని ఎవరో తెర మీద చూపించడం ఆయనకు బాగా నచ్చింది. "నేను గూడ పాడుకుంట, ఎవలకు ఇనవడది" అన్నాడు సైకిల్ తోలుతూ. పదేళ్లు ఆయన బిడ్డగా ఉన్న నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. రాత్రిపూట, నలభై వ్యాగన్ల వెనక, దీపం ఒక్కటి పెట్టుకుని కూర్చున్న మనిషి ఏం పాడుకుంటాడో అడిగాను. ఘంటసాల పాటలట. క్లిఫ్ పాట ఒకటి, మాటలు లేకుండా.

ఆ పాటలో కొన్ని షాట్లు కదిలే రైలులో తీసినవి కావు, స్టూడియోలో ఒక వ్యాన్‌ను మనుషులు పట్టి ఊపితే తీసినవని తర్వాత చదివాను. నాయినకు చెప్పలేదు.

* * *

ఈ సినిమాల్లో ఇంకో వింత ఉండేది, అది మన సినిమాలు చూసి పెరిగినవాళ్లకే తెలుస్తుంది. మనకు గొంతు ఒకరిది, మొహం ఒకరిది. రామారావు నోరు తెరిస్తే ఘంటసాల, నాగేశ్వరరావు నోరు తెరిస్తే ఘంటసాల. ఆ ఏర్పాటును మనసారా ఒప్పుకున్నాం, అందులో గొప్ప అందం ఉంది. ఘంటసాల ఎట్లా ఉంటారో తెలియని పిల్లలం, ఆయన గొంతుకు ఎన్నో మొహాలు తొడిగాం. కాని గొంతూ మొహమూ ఒకే మనిషివైతే? పాట మాటలోంచి పుడుతుంది, నవ్వులోకి పోతుంది, అతుకు కనపడదు. మా అమ్మ భానుమతిని అందుకే అంత అభిమానించేది. "ఆమె పాట ఆమెదే, ఆమె కోపం ఆమెదే" అనేది. 1954 నాటి 'చక్రపాణి'లో భానుమతి నవ్వించడమే కాక సంగీతం కూడా తనే చేసింది.

అందుకే నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ 'పక్క ఇంటి అమ్మాయి'. బెంగాలీలో 1952లో 'పాశేర్ బాడీ'గా వచ్చింది, మరుసటి ఏడే సి. పుల్లయ్య తెలుగులో తీశారు. రేలంగి హీరో, అంజలీదేవి హీరోయిన్. పక్కింటి అమ్మాయికి సంగీతమంటే ప్రాణం, హీరోకు పాట రాదు. స్నేహితుడు చాటున ఉండి పాడతాడు, ఇతను కిటికీ దగ్గర పెదవులు కదుపుతాడు. ఆ స్నేహితుడిగా వేసింది గాయకుడు ఎ.ఎం. రాజా. ఆలోచించండి. మన సినిమాలన్నీ తెర వెనక దాచిపెట్టే పనిని తీసుకొచ్చి, ఆ పనినే కథ చేసి, అందులో దాక్కున్న గాయకుడి పాత్ర గాయకుడికే ఇచ్చారు. 'మిస్సమ్మ'లో రామారావుకు పాడిన ఆ మెత్తటి గొంతు ఎవరిదో, ఆ మనిషి తెర మీద నిలబడి, ఇంకొకరి కోసం పాడుతూ మనకు కనిపిస్తాడు.

ఇదే కథ హిందీకి పోయి 1968లో 'పడోసన్' అయింది. కిటికీలో సునీల్ దత్, చాటున కిశోర్ కుమార్. మళ్లీ తెలుగుకు తిరిగొచ్చి 1981లో 'పక్కింటి అమ్మాయి' అయింది, చంద్రమోహన్, జయసుధ, చాటున పాడేవాడు బాలు. సంగీత దర్శకుడు చక్రవర్తి కూడా ఒక పాత్ర వేశారు. అప్పటికి నాకు పెళ్లయి హనుమకొండకు వచ్చాను. మార్నింగ్ షోకు నాయినను తీసుకెళ్లాం. అన్ని పాటల్లోనూ వినిపించే మనిషి అంత బొద్దుగా, అంత హాయిగా తెర మీద తిరుగుతుంటే హాలంతా చుట్టాన్ని చూసినట్టు నవ్వింది. నాయిన నా చెవిలో "గీయననా పాడేది!" అన్నాడు.

ఎ.ఎం. రాజా 1989లో రైలు ప్రమాదంలో పోయారు. ఆ వార్త నాయిన పేపర్‌లో చదివి, పేపర్ మడిచి, చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు. రిటైరయ్యాక కూడా రైలు ఏ మనిషిని తీసుకున్నా ఆయన తన తప్పులాగే బాధపడేవాడు. బాలు 2020 సెప్టెంబర్‌లో పోయే నాటికి నాయిన లేడు.

* * *

మైదానంలో ఇప్పుడు సినిమాలు లేవు. ఆవిరి ఇంజన్లు పోయాయి, కాల్‌బాయ్ పోయాడు, ఆయన పని సెల్‌ఫోన్ చేస్తోంది. గూడ్సు బండ్లకు చాలాచోట్ల బ్రేకు వ్యాన్ కూడా ఉండటం లేదు, చివరి వ్యాగన్‌కు ఒక పరికరం తగిలిస్తున్నారు. గార్డు అన్న పేరే తీసేసి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఆంటీ వాళ్లు పిల్లల దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. వెళ్తూ రికార్డులు మా అన్నకు ఇచ్చిపోయారు. గుర్తుపట్టగలిగిన ప్రతి గీతతో సహా అవి ఇప్పటికీ పాడతాయి.

అన్న సికింద్రాబాద్‌లో ఉంటాడు. పదేళ్లు శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడు, అందువల్ల 'పడోసన్' దగ్గర మాకు తగవు. అందులో మెహమూద్‌కు పాడిన మన్నా డే, కిశోర్‌తో పాటల పోటీ పడి ఓడిపోతాడు. ఆ ఓటమి ఒప్పుకోనంటాడు అన్న. "సంగీతం నేర్చుకున్నోడు నేర్చుకోనోని చేతుల ఎట్ల ఓడుతడే? కథ కోసం ఓడించిండ్రు" అంటాడు. కథ కోసమే, నాకూ తెలుసు. కాని ఆ పాటలో కిశోర్ స్వరం తప్పిపోయి, తప్పిన చోటే ఒక ఆట మొదలుపెట్టి, ఎదుటివాడిని ఆ ఆటలోకి లాగుతాడు చూడండి, అది ఏ గురువూ నేర్పలేదు. కిశోర్ శాస్త్రీయంగా నేర్చుకోలేదు కాబట్టే ఆ దారి అతనికి దొరికింది. మన్నా డే గొప్పవాడు కాబట్టే ఆ ఆటకు అంత అందంగా లొంగాడు. ఇద్దరిలో ఒకరు తక్కువైనా పాట నిలబడదని నా వాదన.

వచ్చే ఆదివారం అన్న పిల్లలతో సహా వస్తున్నాడు. మనవలకు 'హాఫ్ టికెట్' చూపించాలని అనుకున్నాం. మధ్యలో ఎవరైనా లేచిపోతే ఊరుకుంటాం, ఫోన్ చూసుకుంటే కూడా ఊరుకుంటాం, రెండు గొంతుల పాటకు మాత్రం అందరూ ఉండాలని షరతు. మన్నా డే సంగతి అన్నాలు తిన్నాక తేల్చుకుంటాం.